వార్ధక్యంలో విటమిన్ల లోపం: అమెరికా పరిశోధనలు, అక్కడి తెలుగు పెద్దలు

తిండికి కొదవలేని దేశంలో, ఇంటినిండా పాలూ పళ్ళూ ఉన్న కుటుంబంలో, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి విటమిన్ల లోపం రావడం పైకి వింతగా కనిపించినా వైద్యశాస్త్రానికి అది కొత్త విషయం కాదు. విటమిన్లు అంటే శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని, లేదా చాలినంతగా తయారుచేసుకోలేని, అతి స్వల్ప పరిమాణంలో మాత్రమే అవసరమయ్యే సేంద్రియ పదార్థాలు. చిన్న వయసులో వాటి లోపానికి ప్రధాన కారణం కంచంలో అవి లేకపోవడం కాగా, వార్ధక్యంలో కంచంలో ఉన్నవి కూడా ఒంటికి పట్టకపోవడం అంతకంటే పెద్ద కారణమవుతుంది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. నయం చేయగలిగిన లోపాన్ని వయసు మీద పడిందని సరిపెట్టుకుని వదిలేయడం వాటిలో ఒకటి కాగా, ఏ లోపమూ లేనివారు కూడా సీసాల కొద్దీ మాత్రలు మింగి ఆయుర్దాయం పెరుగుతుందని నమ్మడం రెండవది. అమెరికాలో గత నూరేళ్ళుగా జరిగిన పరిశోధనను సమీక్షిస్తే, మొదటి పొరపాటు వల్ల జరిగే నష్టమే ఎక్కువ తీవ్రమైనదనీ, రెండవదానికి జరుగుతున్న ప్రచారపు హోరులో అది వినిపించకుండా పోతున్నదనీ తేటపడుతుంది.

అమెరికా ప్రజారోగ్య చరిత్రలో పోషకాహార లోపం మీద జరిగిన తొలి పెద్ద పోరాటం పెల్లాగ్రా మీద జరిగింది. చర్మం నల్లబడి పొలుసులు రాలడం, ఆగని విరేచనాలు, చివరికి మతిభ్రమణం దీని లక్షణాలు. మొక్కజొన్న పిండి తప్ప మరొకటి దొరకని దక్షిణ రాష్ట్రాల పేదలను ఈ వ్యాధి పట్టి పీడిస్తున్నప్పుడు, 1914లో ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం దీని సంగతి తేల్చమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌ను పంపింది. అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించి వ్యాధిని మాన్పించి, 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో ఖైదీలకు పేదల తిండే పెట్టి వ్యాధిని రప్పించి, ఇది అంటువ్యాధి కాదని ఆయన నిరూపించాడు. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వేజెమ్ తేల్చాడు. దక్కన్‌లో జొన్నలే ప్రధానాహారంగా ఉన్న పేదలలో ఇదే వ్యాధిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో కొలుత్తూరు గోపాలన్ తరువాతి కాలంలో అధ్యయనం చేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, అమెరికా ప్రభుత్వం రొట్టెల పిండిలో థయామిన్, నియాసిన్, రైబోఫ్లేవిన్, ఇనుము కలపడాన్ని తప్పనిసరి చేశాక పెల్లాగ్రా, బెరిబెరి వంటి వ్యాధులు సామాన్య జనంలో దాదాపు కనుమరుగయ్యాయి. ఈ విజయం ఎంత గొప్పదైనా, విటమిన్ల లోపం అంటే పేదరికపు రోగమనీ, పిండిలో ఇంత పొడి కలిపితే తీరిపోయేదనీ ఒక అభిప్రాయాన్ని అది స్థిరపరిచింది. ముసలితనపు లోపాలకు ఆ అభిప్రాయం సరిపోదు.

అందుకు అన్నిటికంటే మంచి ఉదాహరణ బి12. దీని కథ ప్రాణాంతక రక్తహీనత అనే వ్యాధితో మొదలవుతుంది. ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గి, ఒక్కొక్కటి మామూలుకంటే పెద్దదిగా ఉబ్బి, రోగి పాలిపోయి రెండు మూడేళ్ళలో మరణించే ఈ వ్యాధి ఎక్కువగా పెద్ద వయసువారికే వచ్చేది. రోచెస్టర్‌లో జార్జ్ విపుల్ కుక్కల మీద చేసిన ప్రయోగాలను ఆధారం చేసుకుని, బోస్టన్‌లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ 1926లో రోజుకు అర పౌను వంతున కాలేయపు మాంసం తినిపించి 45 మంది రోగులను కోలుకునేలా చేయగలిగారు. ఈ ముగ్గురికీ 1934లో నోబెల్ బహుమతి లభించింది. అయితే కాలేయంలో ఉన్న మందు ఏమిటన్న ప్రశ్నకంటే, మామూలు మనిషికి మామూలు మాంసంలోనే దొరుకుతున్నది ఈ రోగికి ఎందుకు దొరకడం లేదన్న ప్రశ్న లోతైనది. ఆ ప్రశ్న వేసినవాడు బోస్టన్ నగర ఆసుపత్రిలో పనిచేసిన విలియం కాజిల్. ఆరోగ్యవంతుడి జీర్ణాశయ రసం కలిపి ఇచ్చిన మాంసం రోగికి పనిచేస్తున్నదనీ, ఆ రసం లేని మాంసం పనిచేయడం లేదనీ గమనించి, జీర్ణాశయం స్రవించే ఒక పదార్థం తోడు లేనిదే ఆహారంలోని మందు పేగులోకి ఇంకదని ఆయన 1929 నాటికి ప్రకటించాడు. ఆ పదార్థాన్నే వైద్యులు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అంటారు.

బి12 నోటినుంచి రక్తంలోకి చేరే దారి ఏ ఇతర విటమిన్‌కూ లేనంత మెలికలు తిరిగినది. మాంసంలో, పాలలో, గుడ్డులో ఇది ప్రొటీనుకు అంటుకుని ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైమ్ కలిసి దాన్ని విడదీస్తాయి. విడివడిన బి12ను మొదట లాలాజలంనుంచి వచ్చిన మరొక ప్రొటీను పట్టుకుంటుంది. చిన్నపేగు మొదటి భాగంలో క్లోమరసం ఆ పట్టు విడిపించాక ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని అందుకుని, చిన్నపేగు చిట్టచివరి భాగం దాకా మోసుకుపోతే, అక్కడి కణాలు మాత్రమే దాన్ని గుర్తించి లోపలికి తీసుకుంటాయి. ఈ మజిలీలలో ఏ ఒక్కచోట దారి తెగినా లోపం తప్పదు. వయసు పెరిగేకొద్దీ ముందు తెగేది మొదటి మజిలీయే. జీర్ణాశయపు లోపలి పొర క్షీణించి ఆమ్లం తగ్గిపోవడాన్ని అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ అంటారు. ఇది యాభై దాటినవారిలో 10 నుంచి 30 శాతం మందికి ఉండవచ్చన్న అంచనాతో, అమెరికా వైద్య సంస్థ 1998లో ఒక అసాధారణమైన సిఫారసు చేసింది. యాభై దాటినవారు తమకు కావలసిన రోజుకు 2.4 మైక్రోగ్రాముల బి12ను ప్రధానంగా మాత్రల నుంచి గాని, బి12 విడిగా కలిపిన ఆహారం నుంచి గాని పొందాలన్నది ఆ సిఫారసు. ప్రొటీనుకు అంటుకోని బి12కు ఆమ్లంతో పనిలేదు కనుక అది సులువుగా ఇంకుతుంది. సహజాహారంకంటే కలిపిన విటమినే మేలని ఒక శాస్త్రీయ సంస్థ ఒక వయోవర్గం మొత్తానికి చెప్పడం ఎంత అరుదో గమనిస్తే, ఈ సమస్య ఎంత విస్తృతమైనదో అర్థమవుతుంది. ప్రాణాంతక రక్తహీనత ఉత్తర ఐరోపా సంతతివారి జబ్బన్న పాత నమ్మకం కూడా నిలవలేదు. లాస్ ఏంజెలెస్‌లో రాల్ఫ్ కార్మెల్ 1996లో ప్రకటించిన అధ్యయనంలో, 60 దాటినవారిలో దాదాపు 2 శాతం మందికి అంతవరకు ఎవరూ గుర్తించని ప్రాణాంతక రక్తహీనత బయటపడగా, వారిలో నల్లజాతి స్త్రీలు గణనీయంగా ఉన్నారు.

ఇక్కడే ఒక తెలుగువాడి పేరు ఈ చరిత్రలోకి ప్రవేశిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, పేగులు పోషకాలను పీల్చుకోలేకపోయే స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకుని, తానూ అదే వ్యాధి బారినపడి బతికి బయటపడినవాడు. హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు చేరిన ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతిని ప్రకటించింది. ఆకుకూరలలో, పప్పులలో సహజంగా ఉండే ఫోలేట్‌కు ఇది స్థిరమైన రూపం. రక్తకణాలు ఉబ్బిపోయే రక్తహీనతల మీదా, స్ప్రూ మీదా ఇది అద్భుతంగా పనిచేయడం చూసి వైద్యులు ప్రాణాంతక రక్తహీనతకు కూడా దీన్నే ఇచ్చి చూశారు. రోగుల రక్తం బాగుపడింది గాని, ఏడాది రెండేళ్ళలో కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తూలి, వెన్నుపాము దెబ్బతిన్నట్లు తేలింది. రక్తకణాల తయారీలో బి12 లేని కొరతను ఫోలిక్ ఆమ్లం కొంతవరకు పూడ్చగలిగినా, నాడుల చుట్టూ ఉండే మైలిన్ అనే రక్షణ పొరను నిలబెట్టే పనిలో బి12కు బదులు మరొకటి లేదు. 1948లో మెర్క్ సంస్థలో కార్ల్ ఫోకర్స్ బృందం, అదే కాలంలో ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలో లెస్టర్ స్మిత్, బి12ను శుద్ధరూపంలో వేరుచేశాక గాని ఈ చిక్కుముడి పూర్తిగా విడలేదు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఫోలిక్ ఆమ్లం రక్తంలోని సాక్ష్యాన్ని చెరిపేసి నాడుల నష్టాన్ని తన దారిన సాగనిస్తుందన్న భయం అర్ధశతాబ్దం తరువాత అమెరికా విధానాన్ని నేరుగా ప్రభావితం చేసింది. గర్భస్థ శిశువుల వెన్నెముక లోపాలను నివారించడానికి 1998 జనవరి 1 నుంచి, పోషకాలు కలిపిన తృణధాన్యాల పిండిలో ప్రతి 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం చేర్చడాన్ని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తప్పనిసరి చేసింది. అంతకంటే ఎక్కువ కలిపితే శిశువులకు ఇంకా మేలు జరిగి ఉండేదని వాదించినవారు ఉన్నా, బి12 లోపమున్న వృద్ధులకు హాని జరగవచ్చన్న ఆలోచనే ఆ పరిమాణాన్ని తక్కువగా ఉంచడానికి ఒక ముఖ్య కారణం. తరువాత ఏం జరిగిందన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. వాషింగ్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి రికార్డుల ఆధారంగా 2003లో వెలువడిన పరిశీలనలో, రక్తహీనత లేకుండా బి12 మాత్రమే తక్కువగా ఉన్నవారి నిష్పత్తి పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం మొదలయ్యాక పెరిగినట్లు కనిపించలేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా మోరిస్ బృందం 2007లో జాతీయ సర్వే గణాంకాలను విశ్లేషించి, బి12 తక్కువగా ఉండి ఫోలేట్ ఎక్కువగా ఉన్న వృద్ధులలో రక్తహీనతా, ఆలోచనా శక్తి క్షీణతా రెండూ అధికంగా ఉన్నట్లు చెప్పింది. ఇటువంటి సర్వేలు సంబంధాన్ని చూపగలవే తప్ప కారణాన్ని నిరూపించలేవు. అయినా, వేలాది శిశువులను కాపాడుతున్న ఫోలిక్ ఆమ్లాన్ని తప్పుపట్టడంకంటే, పక్కనే ఉండవలసిన బి12ను వృద్ధులలో వెతకకపోవడాన్ని తప్పుపట్టడమే న్యాయం.

వెతకడం అంటే రక్తహీనత ఉందా అని మాత్రమే చూడటం కాదన్న సంగతి 1988లో జాన్ లిండెన్‌బామ్ బృందం స్పష్టంగా నిరూపించింది. బి12 లోపం వల్ల నాడీ, మానసిక లక్షణాలు కలిగిన 141 మంది రోగులలో 40 మందికి, అంటే 28 శాతానికి, రక్తహీనత గాని, రక్తకణాలు ఉబ్బడం గాని లేదు. అదే పరిశోధకుడు 1994లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ పట్టణపు వృద్ధులను పరీక్షించి, కనీసం 12 శాతం మందిలో ఈ లోపం ఉందన్నాడు. ఇతర సర్వేలు దీనికంటే చాలా తక్కువ అంకెలు ఇవ్వడానికి కారణం కొలబద్దలు వేరు కావడమే. రక్తంలో మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు తక్కువ ఉంటేనే లోపమని లెక్కవేస్తే వచ్చే సంఖ్య చిన్నది. 200కూ 300కూ మధ్య ఉన్నవారిని కూడా అనుమానించి, బి12 చాలనప్పుడు రక్తంలో పేరుకునే మిథైల్ మలోనిక్ ఆమ్లాన్ని కొలిస్తే సంఖ్య పెరుగుతుంది. ఈ రెండవ పరీక్ష ఎక్కువ నమ్మదగినదే గాని, మూత్రపిండాలు బలహీనపడినా దాని విలువ పెరుగుతుంది కాబట్టి ముసలితనంలో దాన్నీ జాగ్రత్తగానే చదవాలి.

లక్షణాల విషయానికి వస్తే, ఈ లోపం ముసలితనపు వేషం వేసుకుని వస్తుంది. అరికాళ్ళ మంటలు, వేళ్ళ తిమ్మిర్లు, నాలుక నున్నబడి మండటం, చీకట్లో నడుస్తుంటే తూలడం, చిరాకు, నిరుత్సాహం, మాటల మధ్యలో తడబాటు, మతిమరుపు దీని గుర్తులు. వెన్నుపాము వెనుక భాగంలోని నాడీతంతువులు దెబ్బతినడం వల్ల పాదం ఎక్కడ మోపుతున్నదీ మెదడుకు తెలియకుండా పోతుంది. వెలుతురులో కళ్ళు ఆ లోటు పూడ్చగలవు గనుకనే తూలడం రాత్రిపూట బాత్‌రూమ్‌కు వెళ్ళేటప్పుడు, స్నానంలో కళ్ళు మూసుకున్నప్పుడు బయటపడుతుంది. కంపిస్తున్న శ్రుతిదండాన్ని చీలమండ ఎముక మీద ఆనించి, ఆ అదురు తెలుస్తున్నదా అని అడిగే పరీక్షకు నిమిషం కూడా పట్టదు. నెలల్లోపు గుర్తిస్తే నాడులు చాలావరకు కోలుకుంటాయి గాని, ఏళ్ళు గడిచాక జరిగిన నష్టం పూర్తిగా తీరదు. గడువున్న జబ్బును గడువులేని వృద్ధాప్యంగా భావించడం వల్ల ఎందరి కాళ్ళు, ఎందరి జ్ఞాపకశక్తి అకారణంగా పోయాయో తలచుకుంటే బాధ కలుగుతుంది.

అమెరికాలోని తెలుగు పెద్దలలో ఈ ప్రమాదానికి కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. 1965 వలస చట్టం తరువాత గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచి, ఇంజనీరింగు కళాశాలల నుంచి వెళ్ళిన తొలి తరం ఇప్పుడు ఎనభైల దాపులో ఉంది. ఆ తరువాతి తరాలవారు తమ తల్లిదండ్రులను న్యూజెర్సీలోని ఎడిసన్‌కో, డాలస్ శివార్లలోని ఫ్రిస్కోకో తెచ్చుకున్నారు. ఈ పెద్దలలో శాకాహారులు కొందరు, వయసు మళ్ళాక మాంసం మానినవారు మరికొందరు. శాకాహారికి బి12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, జున్ను వంటివాటిలో మాత్రమే. కప్పు పాలలో సుమారు 1.2 మైక్రోగ్రాములు ఉంటుంది గనుక రోజుకు రెండు కప్పుల పాలు లెక్కకు సరిపోతాయి గాని, కాఫీలోకి నాలుగు చెంచాలు, అన్నంలోకి పలుచని మజ్జిగ మాత్రమే పుచ్చుకునే మనిషికి అందులో సగం కూడా అందదు. పులిసిన ఇడ్లీ పిండిలో బి12 తయారవుతుందన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో గట్టిగా ఉంది, కాని ఆధారపడదగినంత బి12 అందులో ఉండదు. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది గనుక తిండి మారిన వెంటనే ఏ గుర్తూ కనిపించదు. దీనికి తోడు మధుమేహం. ఆ వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి తీసుకుంటే బి12 ఇంకడం తగ్గుతుందని మధుమేహ నివారణ అధ్యయనపు అనుబంధ పరిశోధనలో 2016లో రుజువైంది. ఈ మందు వాడేవారికి అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించాలని అమెరికా మధుమేహ సంఘం సూచిస్తున్నది. కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లాన్ని ఆపేస్తాయి. కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ రోగుల రికార్డుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, వాటిని రెండేళ్ళకు మించి వాడినవారిలో బి12 లోపం ఉండే సంభావ్యత 65 శాతం ఎక్కువగా కనిపించింది. శాకాహారం, మెట్‌ఫార్మిన్, ఆమ్లం ఆపే మాత్ర, వయసు, నాలుగూ ఒక్క మనిషిలో కలవడం తెలుగు పెద్దలలో అరుదు కాదు. అటువంటి మనిషికి పాదాలు తిమ్మిరెక్కితే అది మధుమేహం వల్లనే అని తేల్చేయడం ఎంత సులభమో అంత ప్రమాదకరం.

పైగా ఈ పెద్దలలో లోపాన్ని కప్పిపుచ్చే తెరలు కూడా ఎక్కువే. పప్పు, ఆకుకూరలు రోజూ తినేవారికి ఫోలేట్ పుష్కలంగా అందుతుంది కనుక రక్తహీనత ఆలస్యంగా బయటపడుతుంది. ఇనుము లోపం వల్ల రక్తకణాలు కుంచించుకుపోతాయి, బి12 లోపం వల్ల ఉబ్బుతాయి. రెండూ ఒకేసారి ఉన్నప్పుడు సగటు పరిమాణం మామూలుగా ఉన్నట్లు రిపోర్టు వస్తుంది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్, నార్వేకు చెందిన హెల్గా రెఫ్సుమ్ తదితరులు 2001లో జరిపిన పరిశీలనలో భారతీయులలో బి12 లోపం ఎంత విస్తారంగా ఉందో తేలినప్పటికీ, ఆ జ్ఞానం అమెరికా క్లినిక్‌లోని పదిహేను నిమిషాల సంభాషణలోకి ఇంకా చేరవలసే ఉంది.

బి విటమిన్లు మతిమరుపును ఆపుతాయా అన్న ప్రశ్నకు సమాధానం ఆశించినంత తీయనిది కాదు. బి12, ఫోలేట్ తగ్గినప్పుడు రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది, అది ఎక్కువగా ఉన్నవారిలో డిమెన్షియా ఎక్కువ. అయితే అల్జీమర్స్ వ్యాధి ఇప్పటికే ఉన్నవారికి పెద్ద మోతాదులో బి విటమిన్లు 18 నెలల పాటు ఇచ్చిన అమెరికా ప్రయోగంలో, 2008 నాటి ఫలితాల ప్రకారం, హోమోసిస్టీన్ తగ్గింది గాని వ్యాధి వేగం తగ్గలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో తొలిదశ మతిమరుపు ఉన్నవారి మీద జరిగిన 2010 నాటి ప్రయోగంలో మాత్రం మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గినట్లు కనిపించింది. రోజూ ఒక మల్టీవిటమిన్ తీసుకుంటే వృద్ధుల జ్ఞాపకశక్తికి స్వల్పమైన మేలు ఉన్నట్లు కాస్మోస్ అనే అమెరికా ప్రయోగపు ఉపపరిశోధనలు 2022, 2023లలో చెప్పాయి. ఆ మేలు నిజమైనదే కావచ్చు, కాని దాన్ని డిమెన్షియా నివారణగా అమ్మడం అబద్ధం. లోపమున్నవారికి లోపం తీర్చడం వేరు, లోపం లేనివారి మెదడుకు పదును పెట్టడం వేరు.

విటమిన్ డి విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఇది ప్రధానంగా ఆహారంనుంచి కాక, ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలోని ఒక కొలెస్టరాల్ జాతి పదార్థం మీద పడటం వల్ల తయారవుతుంది. పేగులో కాల్షియం ఇంకడానికి ఇది తప్పనిసరి. తీవ్రంగా లోపిస్తే పెద్దలలో ఎముకలు మెత్తబడి, తొడలు, నడుము నొప్పులు పుట్టి, కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. ఆహారానికి కిరణాలు సోకించి డి విటమిన్ పుట్టించవచ్చని 1920లలో విస్కాన్సిన్‌లో హారీ స్టీన్‌బాక్ చూపినప్పటి నుంచి అమెరికాలో పాలకు ఈ విటమిన్ కలపడం ఆనవాయితీ అయింది, పిల్లల రికెట్స్ తగ్గుముఖం పట్టింది. వృద్ధుల సంగతి వేరు. వయసు పెరిగేకొద్దీ చర్మం పలచబడి, దాని ఉత్పత్తి శక్తి యౌవనంలో ఉన్నదానిలో సగానికంటే తగ్గుతుందని 1985లో బోస్టన్‌లో మైకేల్ హాలిక్, జూలియా మెక్‌లాఫ్లిన్ చూపారు. బోస్టన్ అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో నిలబడినా చర్మంలో ఈ విటమిన్ తయారు కాదని 1988లో అదే బృందం తేల్చింది. చామనఛాయ చర్మానికి అదే మోతాదు తయారుకావడానికి తెల్లని చర్మంకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. పదిహేడు డిగ్రీల అక్షాంశంలోని హైదరాబాదులో పొద్దున్నే పాలప్యాకెట్టుకు వీధిలోకి నడిచి వెళ్ళే పెద్దమనిషి, నలభై డిగ్రీలు దాటిన ఎడిసన్‌లో కారు లేక, తోడు లేక, జనవరి నెలంతా గాజు తలుపుల వెనుక కూర్చుంటే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. గాజు ఆ కిరణాలను లోపలికి రానివ్వదు.

ఎండ ఉన్నంత మాత్రాన లోపం ఉండదనుకోవడమూ సరికాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో సి. వి. హరినారాయణ్ బృందం 2000 దశకంలో జరిపిన పరిశోధనల్లో, మండుటెండల రాయలసీమ ప్రాంతంలో కూడా పట్నవాసులలో విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నట్లు, పొలంపని చేసే పల్లెవాసులలో కొంత మెరుగ్గా ఉన్నట్లు, అందరి ఆహారంలోనూ కాల్షియం తక్కువగా ఉండి, దాన్ని ఇంకనివ్వని ఫైటేట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. కాబట్టి ఎడిసన్‌కు వచ్చిన పెద్దలు తమ లోపాన్ని అమెరికాలోనే సంపాదించుకున్నారని చెప్పలేం, చాలామంది దాన్ని వెంటబెట్టుకునే విమానం ఎక్కి ఉంటారు.

ఎంత ఉంటే చాలన్న ప్రశ్న మీద అమెరికా సంస్థలే విభేదించాయి. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరికీ సరిపోతుందనీ, 70 దాటినవారు రోజుకు 800 యూనిట్లు తీసుకుంటే చాలనీ వైద్య సంస్థ 2010 చివర ప్రకటిస్తే, ఎండోక్రైన్ సొసైటీ 2011లో 30 ఉండాలన్నది. 30కి తక్కువ ఉన్న ప్రతివారూ రోగులైపోవడంతో పరీక్షలు, మాత్రలు ఉప్పెనలా పెరిగాయి. బోస్టన్‌లో జోఆన్ మాన్సన్ నడిపిన వైటల్ ప్రయోగంలో 25,871 మందికి సగటున అయిదేళ్ళకు పైగా రోజుకు 2000 యూనిట్లు గాని ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి చూస్తే, 2018లో వెలువడిన ఫలితాల్లో క్యాన్సరు, గుండెజబ్బులు రావడం తగ్గలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో తేలింది. ఆ ప్రయోగంలో చేరినవారిలో ఎక్కువమందికి అసలు లోపమే లేదన్నది ఇక్కడ మరచిపోరాని విషయం. కడుపు నిండినవాడికి మరో ముద్ద పెట్టి ఆకలి తీరలేదంటే అది అన్నం తప్పు కాదు. మోతాదు ఎక్కువైతే హాని కూడా ఉంది. ఆస్ట్రేలియాలో డెబ్బై ఏళ్ళ పైబడిన స్త్రీలకు ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చిన ప్రయోగంలో పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగినట్లు 2010లో తెలిసింది. చివరికి ఎండోక్రైన్ సొసైటీ 2024లో తన 30 గీతను వదులుకుని, ఆరోగ్యవంతులకు మామూలుగా పరీక్ష అక్కర్లేదనీ, 75 దాటినవారు మాత్రం పరీక్షతో నిమిత్తం లేకుండా మితమైన మోతాదులో తీసుకోవడం మేలనీ చెప్పింది. నెలల తరబడి గడప దాటని మనిషికి, చలిదేశంలో నిండుగా కప్పుకుని ఉండే స్త్రీకి, మూత్రపిండాలో పేగులో చెడినవారికి ఆరోగ్యవంతుల సూత్రం వర్తించదు.

మిగిలిన విటమిన్లలో కొన్నిటిని క్లుప్తంగా ప్రస్తావిస్తే చాలు. గుండె బలహీనతకు ఏళ్ళ తరబడి ఫ్యూరోసమైడ్ వంటి మూత్రం తెప్పించే మాత్రలు వాడేవారిలో థయామిన్ మూత్రంతో పాటు పోయి, గుండె మరింత బలహీనపడవచ్చు. ఒంటరిగా ఉంటూ టీ, రొట్టెలతో పొద్దుపుచ్చే వృద్ధులలో చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ నేటికీ అక్కడక్కడ అమెరికా ఆసుపత్రులలో కనిపిస్తూనే ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు గోంగూర, తోటకూర పూర్తిగా మానవలసిన పనిలేదు, వాటిలోని విటమిన్ కె ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ కాకుండా రోజూ ఒకే పాళ్ళలో తినడం ముఖ్యం. పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఇచ్చిన సియాటిల్ ప్రయోగంలో ఊపిరితిత్తుల క్యాన్సరు 28 శాతం పెరగడంతో దాన్ని 1996లో అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. జుట్టు కోసం పెద్ద మోతాదులో వాడే బయోటిన్ గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తప్పుదారి పట్టించగలదని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. 1994 నాటి చట్టం ప్రకారం ఇటువంటి మాత్రలను అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం లేకుండానే మార్కెట్లోకి తేవచ్చు గనుక, కాస్ట్‌కోలో కొన్న పెద్ద సీసాలను హైదరాబాదులోని బంధువులకు కానుకగా పంపేవారు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

లోపానికి శరీరంతో పాటు సమాజమూ కారణమే. పళ్ళు ఊడినవారు నమలవలసినవన్నీ మానుకుంటారు, తోడు పోయినవారు ఒక్కరికోసం పొయ్యి వెలిగించరు. 1965 నాటి వృద్ధుల చట్టానికి 1972లో చేర్చిన పోషకాహార పథకం కింద అమెరికాలో వృద్ధులకు సామూహిక భోజనాలూ, ఇంటికే చేర్చే భోజనాలూ అందుతున్నాయి. ప్రతి భోజనం రోజువారీ పోషకాల అవసరంలో కనీసం మూడో వంతు తీర్చాలన్నది నియమం. అయితే పప్పు, కూర, పెరుగన్నం తప్ప మరొకటి సహించని తెలుగు పెద్దలకు అక్కడి భోజనం చాలాచోట్ల పనికిరాదు. గ్రీన్‌కార్డు మీద కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు అయిదేళ్ళ నివాసం పూర్తయ్యేదాకా వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో చేరలేరు, సందర్శక వీసా మీద వచ్చేవారి ప్రయాణ బీమాలు ముందునుంచి ఉన్న జబ్బులను సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. దాంతో రక్తపరీక్ష ఇండియాకు తిరిగి వెళ్ళాక చూసుకుందామన్న వాయిదాగా మారుతుంది. ఈ పెద్దల లోపాన్ని సర్వేలలో వెతకబోయినా అంతే. జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే 2011లో ఆసియావారిని అదనంగా చేర్చుకోవడం మొదలుపెట్టినా వారందరినీ ఒకే గుంపుగా చూపింది. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల దక్షిణాసియావారి మీద 2010 నుంచి సాగుతున్న మసాలా అధ్యయనపు ప్రధాన లక్ష్యం గుండెజబ్బులే గాని విటమిన్లు కావు.

బి12 లోపానికి చికిత్స మాత్రం ఈ ప్రశ్నలన్నిటికంటే సులువైనది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పూర్తిగా లేకపోయినా, మింగిన బి12లో దాదాపు 1 శాతం దానంతట అదే పేగు గోడలోంచి జారిపోతుంది కనుక, మోతాదు తగినంత పెద్దదైతే ఇంజెక్షన్ అవసరం తప్పుతుంది. రోజుకు 2000 మైక్రోగ్రాముల మాత్ర ఇంజెక్షన్లకు తీసిపోదని 1998లో వెలువడిన అమెరికా ప్రయోగం చూపింది. నాడుల లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికి మొదట ఇంజెక్షన్లతోనే మొదలుపెట్టడం వాడుక. ఇండియాలో నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ మీద ఉన్న పెద్దలు ఆరు నెలలకు అమెరికా వచ్చినప్పుడు ఆ వరుస తప్పిపోవడం మామూలు గనుక, బయలుదేరే ముందే అక్కడి వైద్యుడిని అడిగి, రోజూ వేసుకునే పెద్ద మోతాదు మాత్రలకు మారితే ఆ ఆరు నెలల విరామం పూడుతుంది. పాత రక్తపరీక్ష రిపోర్టులను, వాడుతున్న మందుల చీటీలను పాస్‌పోర్టుతో పాటు సంచిలో పెట్టుకుంటే, అవసరం పడినప్పుడు కొత్త వైద్యుడు మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా వాడుతున్నదీ, బి12 చివరిసారి ఎంత ఉన్నదీ వాటిలోనే చూసుకోగలుగుతాడు.